తాబేలుకు ముగ్గురు దొరలు

రాజధానిలో ఎవరైనా రాజ్యాంగపు ఏడవ షెడ్యూలును ప్రస్తావించారంటే అది నదీజలాల వివాదమో, పన్నుల పంపకమో అయి ఉంటుంది. ఈ విలేఖరి దానిని ఈ వారం మళ్లీ తిరగవేయవలసి వచ్చినది మాత్రం ఒక తాబేలు మూలంగా.

2021 మార్చిలో ఒడిశాలోని గహిర్మఠ తీరాన శాస్త్రజ్ఞులు ఒక ఆలివ్ రిడ్లే తాబేలు ముందుకాలికి 03233 అంకె గల లోహపు బిళ్ల బిగించి వదిలారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలో, రత్నగిరి జిల్లా గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ కనిపించినది. ప్రయాణం సుమారు 3,500 కిలోమీటర్లని అంచనా. తూర్పు తీరపు తాబేళ్లు వేరు, పడమటి తీరపువి వేరు అన్న భావనను ఆ చిన్న బిళ్ల కదిలించింది.

అయితే బిళ్ల చెప్పేది బయలుదేరిన చోటు, తేలిన చోటు మాత్రమే. నడుమ దారి తెలియాలంటే డొప్పకు ఉపగ్రహ పరికరం అంటించాలి. తాబేలు ఊపిరికి పైకి వచ్చినప్పుడల్లా అది సంకేతం పంపుతుంది. 2023లో గుహాగర్ నుంచి అలా వదిలిన బాగేశ్రీ అనే తాబేలు శ్రీలంకను చుట్టి బంగాళాఖాతంలో ప్రవేశించింది.

ఇక్కడే చిక్కు. వన్యప్రాణుల రక్షణ 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వచ్చింది. కాని తాబేలు ఊపిరాడక చచ్చేది ట్రాలరు వలలో. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల వేట రాష్ట్రాల జాబితాలోనిది, ఆవల కేంద్రానిది. ఇంకా దక్షిణానికి పోతే శ్రీలంక జలాలు. ఒకరిని అడిగితే మరొకరిని చూపించే విద్య సభలో మనం రోజూ చూస్తున్నదే.

ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల వద్ద ఒడిశా ప్రభుత్వం నవంబరు నుంచి మే వరకు వేటను నిషేధిస్తున్నది. తూర్పు తీరమంతటికీ వర్తించే 61 రోజుల నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న; అప్పటికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు గడిచిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాది తాబేళ్ల కళేబరాలు కొట్టుకువచ్చాయి. తాబేలు తప్పించుకునే ద్వారం వలల్లో లేదన్న కారణంతో అమెరికా 2019లోనే మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. నష్టపోయినవారు ఢిల్లీలో లేరు.

ఏడు నెలలు పడవ ఒడ్డున పెట్టుకోమంటే జాలరి ఏమి తినాలన్న ప్రశ్న న్యాయమైనదే. తాబేళ్లు గుంపుగా ఏ వారం ఎక్కడ ఉన్నాయో ఉపగ్రహం చూపగలిగితే, అంత మేరకే, అన్ని రోజులకే వేట ఆపవచ్చు. అందుకు ఆ పటాలు శాస్త్రజ్ఞుల పెట్టెలు దాటి జాలరి పేటలకు చేరాలి. రుషికుల్యకు ఇచ్ఛాపురం ఎంతో దూరం కాదు. శ్రీకాకుళం ఇసుకలోనూ ఈ తాబేళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఒడిశా వారి నిషేధం మాత్రం హద్దురాయి దగ్గర ఆగిపోతుంది.