ఇంటి ఉష్ణరక్షణ: పునాది, గోడ, పైకప్పుల ప్రాధాన్యక్రమం

ఉపోద్ఘాతం

తక్కువ శక్తితో నడిచే ఇంటికి పునాది, గోడలు, పైకప్పు మూడింటికీ మందమైన ఉష్ణనిరోధక పొర అవసరమనే భావన చలిదేశాల అనుభవం నుండి రూపొందింది. తెలుగు ప్రాంతాల వంటి ఉష్ణమండలంలో ఈ మూడింటి ప్రాధాన్యం సమానం కాదని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. చలిదేశపు నమూనా

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో నివాసానికి సిద్ధమైన నాలుగు వరుస ఇళ్ళు తొలి ‘పాసివ్ హౌస్’గా ప్రసిద్ధి పొందాయి. వాటి నేలమాళిగ కప్పు అడుగున 250 మి.మీ., గోడల వెలుపల 275 మి.మీ. పాలిస్టైరీన్‌ను, పైకప్పులో సుమారు 450 మి.మీ. ఖనిజ ఊలును అమర్చారు. పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం గదులను వెచ్చబరచడానికి ఏడాదికి చదరపు మీటరుకు 15 కిలోవాట్ అవర్లకు మించి శక్తి అవసరం కారాదు. అక్కడ శీతకాలంలో లోపలి వేడి అన్ని దిక్కులకూ పోతుంది. కనుక పునాదిని కూడా కప్పక తప్పదు.

2. పైకప్పు

మన వేసవిలో ఉష్ణప్రవాహం దిశ మారుతుంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేది పైకప్పు మీదే. పగలు వేడెక్కిన కాంక్రీటు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో నిద్ర పట్టకపోవడానికి ప్రధాన కారణం ఇదే. 150 మి.మీ. స్లాబు ఉష్ణప్రసరణ గుణకం, అంటే యూ-విలువ, సుమారు 3.3. దానిపై 50 మి.మీ. పాలిస్టైరీన్ పరిస్తే అది 0.6కు దిగుతుంది. భారత ప్రభుత్వ ‘ఎకో నివాస్ సంహిత 2018’ పైకప్పుకు విధించిన గరిష్ఠ పరిమితి 1.2. ఈ పొరను స్లాబు అడుగున కాక పైన వేయాలి; అప్పుడే కాంక్రీటు ఎండకు వ్యాకోచించి పగుళ్ళివ్వదు. దానిపై జలనిరోధక పూత, తెల్లని పెంకులు ఉండాలి.

3. గోడలు, పునాది

గోడలలో పడమటిదానికి తొలి రక్షణ నీడ. చూరు, వసారా, చెట్టు ఆ పని చేస్తాయి. బోలు దిమ్మెలు, తేలిక కాంక్రీటు దిమ్మెలు తరువాతి మెట్టు. ఇక భూమి లోపలి పొరల ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు వార్షిక సగటుకు దగ్గరగా ఉంటుంది. వేసవిలో అది బయటి గాలికన్నా చల్లన కావడంవల్ల ఇంటి వేడిని నేల గ్రహిస్తుంది. అక్కడ ఉష్ణనిరోధక పొర వేస్తే ఆ మేలును అడ్డుకున్నట్లే. పైగా మట్టిలోని నురుగు పలకలు చెదలకు దారి కల్పించవచ్చు. ఏసీ నిరంతరం నడిచే భవనాల విషయం వేరుగా పరిశీలించాలి. పునాదికి ఇక్కడ కావలసింది తేమను ఆపే పొర, చెదల నివారణ.

ముగింపు

పరిమిత వ్యయంతో కట్టే ఇంట్లో మొదటి రూపాయి పైకప్పుకు, రెండవది పడమటి గోడ నీడకు వెచ్చించడం శాస్త్రసమ్మతం. చలిదేశాల నుండి మనం స్వీకరించవలసింది వారి పొర మందాన్ని కాదు, వేడి ఎటునుండి ఎటు ప్రవహిస్తుందో ముందుగా లెక్కించే పద్ధతిని.