వేసవి చెరువులో చేప ఊపిరి

నీటిలో పుట్టి, నీటిలో పెరిగే చేప ఆ నీటిలోనే ఊపిరాడక చనిపోతుందంటే వినేవారికి వింతగా తోచవచ్చును. కాని మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు చిన్న చెరువులకు ఇది కొత్త కాదు. మేము భాషాబోధకులమే గాని శాస్త్రవేత్తలము కాము. అయినను ఈ విషయమై కలము పట్టుటకు కారణమొకటి ఉన్నది.

కొన్నేండ్ల క్రిందట ఎండకాలంలో ఒక ఉదయము మేము ఎల్లారెడ్డికి పోతుండగా త్రోవలో ఒక పల్లె చెరువు కట్టపై జనము గుమిగూడి ఉన్నారు. చెరువులో నీరు మోకాటి లోతున మిగిలినది. ఒడ్డు పొడవునా పెద్ద పెద్ద బొచ్చెలు, రవ్వలు వెల్లకిలా తేలి ఉన్నవి. "ఎవరో మందు కలిపిండ్రు" అన్న మాట ఒక నోటి నుండి మరొక నోటికి పాకుతున్నది. చూస్తుండగానే ఆ 'ఎవరో' అన్న చోట ఒక మనిషి పేరు వచ్చి చేరినది. ఏడాది కష్టము ఒక రాత్రిలో పోగొట్టుకొన్న బెస్తవారి దుఃఖము నిజమైనదే. కాని ఆ నింద నిజమైనదేనా? ఈ ప్రశ్న మమ్ము చాలాకాలము వదలలేదు. మా కళాశాలలోని రసాయన, జంతుశాస్త్ర మిత్రులను అడిగి తెలుసుకొన్న సంగతులను విద్యార్థుల ముందుంచుతున్నాము.

చేప మొప్పల ద్వారా పీల్చేది నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును. నీరు చల్లగా ఉన్నపుడు ఈ వాయువు ఎక్కువగా కరుగుతుంది, వేడెక్కిన కొద్దీ తగ్గిపోతుంది. పది డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీరు సుమారు 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగలదు. ముప్పై డిగ్రీల వద్ద అది 7.6 మిల్లీగ్రాములకు దిగుతుంది. మరొక ప్రక్క, వేడి పది డిగ్రీలు పెరిగితే చేప శరీరానికి కావలసిన ప్రాణవాయువు ఇంచుమించు రెట్టింపగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటిదే వేసవి చెరువు.

చల్లని దేశాలలో ఈ చిక్కు మరొక రూపము దాల్చుతుంది. అక్కడి లోతైన సరస్సులలో వేసవిలో పైనీరు వేడెక్కి తేలికై పైననే నిలుస్తుంది. అడుగునీరు చల్లగానే ఉండును గాని గాలి తగలక, కుళ్ళిన పదార్థము వలన ప్రాణవాయువును కోల్పోతుంది. ట్రౌటు, సిస్కో వంటి చల్లనీటి చేపలు పైకి పోతే వేడి, క్రిందికి పోతే ఊపిరాడనితనము. నడుమ ఒక సన్నని పొరలో తల దాచుకొంటాయి. ఆ పొర కూడ చెడితే చావు తప్పదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు సరస్సులలో 2006 వేసవిలో సిస్కో చేపలు ఈ విధముగనే మరణించినవి.

మన బొచ్చె, రవ్వ వేడిని ఓర్చుకొనే జాతులు. వాటిని చంపేది ముఖ్యముగా ఎండ కాదు, ఎండకాలపు రాత్రి. పగలు నీటిలోని పచ్చని నాచు సూర్యకాంతిలో ప్రాణవాయువును తయారుచేస్తుంది. చీకటి పడగానే ఆ పని ఆగిపోతుంది. అటుపై నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నియు కలిసి ఉన్నదానిని వాడుకొంటాయి. తెల్లవారుజామునకు నిల్వ అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములున్నచో ఈ చేపలకు సుఖము. మూడుకు దిగువైనచో బాధ మొదలై, నోళ్ళు తెరచి నీటిపైకి వస్తాయి. మబ్బుపట్టిన దినము తరువాతి రాత్రి, అకాల వర్షానికి అడుగు బురదనీరు పైకి కలిసిన రాత్రి మరింత ప్రమాదకరము.

అయితే విషమా, ఊపిరాడకపోవుటయా అన్నది ఎట్లు తెలియును? గాలి చాలనపుడు సాధారణముగా పెద్ద చేపలు ముందు చచ్చును. చావులు తెల్లవారుజామున ఎక్కువగా జరుగును. పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగల కొర్రమట్ట, మార్పు వంటివి బ్రతికి ఉండును. పురుగుమందు కలిసినపుడు వేళతో పని లేదు. చిన్న చేపలు, నీటిపురుగులు కూడ చచ్చును. ఆనాటి చెరువులో తేలినవి పెద్దవే. పిల్లచేపలు ఒడ్డున కదలాడుతుండగా మేము చూచితిమి. ఇది తుది తీర్పు కాదు, నీటి పరీక్షయే తీర్పు. కాని పరీక్షకు ముందే పొరుగువానిపై వేలు చూపుట న్యాయము కాదని మాత్రము చెప్పగలము.

నివారణోపాయములు కష్టమైనవి కావు. నీరు తగ్గకముందే పెద్ద చేపలను పట్టి అమ్మి, మందను పలుచన చేయవలెను. పేడ, చెత్త చెరువులో పడకుండ చూడవలెను. చేపలు నోళ్ళు తెరచిన వేకువన మోటారుతో నీటిని ఎత్తి పైనుండి తుంపరలుగా పడవేసినచో కొంత గాలి కలియును. అన్నింటికంటె ముఖ్యము లోతు. పూడిక నిండిన చెరువు పళ్ళెము వంటిది, త్వరగా కాగి త్వరగా ఎండును. చెరువుల పునరుద్ధరణకై ప్రభుత్వము తలపెట్టిన మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మన సదాశివనగర్‌లోనే ఆరంభమైనది. పూడిక తీయించునపుడు తూము దగ్గర ఒక లోతైన మడుగును మిగిల్చి, దాని నీటిని చివరివరకు తోడకుండ ఊరు కట్టుబడి ఉన్నచో చేపకు వేసవి ఆశ్రయము దొరుకును.

విద్యార్థులకు ఒక మనవి. నీటిలోని ప్రాణవాయువును కొలిచే పద్ధతిని హంగేరీ శాస్త్రజ్ఞుడు వింక్లర్ 1888లోనే ప్రకటించినాడు. బుడగ లేకుండ సీసా నింపి మాంగనీసు సల్ఫేటు, క్షారము కలిపిన పొటాషియం అయొడైడు వేసినచో, ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు అవక్షేపము, లేకుంటే తెల్లని అవక్షేపము ఏర్పడును. మధ్యాహ్నము కొలిచి సంతృప్తి పడరాదు, తెల్లవారకముందే కొలవవలెను. కళాశాల సంఘమువారు కొన్ని సీసాలు, ఒక ఉష్ణమాపకము సమకూర్చినచో మన పిల్లలు ఒక వేసవి పొడవునా ఒక చెరువు లెక్క వ్రాసి ఆ ఊరివారికి ఇవ్వగలరు.

మా ఇంట తాలాబ్ అంటారు, బడిలో చెరువు అంటాము, నీరు ఒక్కటే. ఆ నీటిని గురించి నాలుగు అంకెలు తెలిసిన విద్యార్థి ఒకడు ఆనాడు కట్టపై నిలిచి ఉన్నచో, చేపలు బ్రతికేవో లేదో గాని, ఒక మనిషి పేరు మాత్రము అన్ని నోళ్ళలో పడి ఉండేది కాదు.