తాతగారి రివాల్వరు తోమకండి. నంబరు పోతే పరువు, ధర రెండూ పోతాయి

అనంతపురం: వానలు ముఖం చాటేసిన ఏడు రైతు ఇంట్లో మొదట బంగారం కుదువకు పోతుంది. తర్వాత ఎద్దులు సంతకు పోతాయి. ఆపైన కొన్ని పాత ఇళ్ళలో చూపు ట్రంకు పెట్టె అడుగునున్న తాతగారి రివాల్వరు మీద పడుతుంది. “సీమ సరుకు, లక్షలు పలుకుతుంది” అని రచ్చకట్ట మీద ఎవరో అంటారు. తుప్పుతో వుంటే ధర రాదని దాన్ని చింతపండుతోనో, ఉప్పుకాగితంతోనో తోమేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

నంబరే జాతకం

ఎద్దుకు పళ్ళు చూసి వయస్సు చెప్పినట్లే రివాల్వరుకు నంబరు చూసి చెబుతారు. కంపెనీలు తయారీ వరుసలో ఒక్కోదానిపై ఒక్కో నంబరు కొట్టేవి. అయితే నంబరు ఒక్కటే చాలదు. అమెరికాలోని స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ వేర్వేరు రకాలకు వేర్వేరు వరుసలు నడిపింది. కాబట్టి ఒకే నంబరు రెండు రకాల మీద కనబడవచ్చు. ముందు రకం తేల్చుకోవాలి. ఆ తర్వాతే నంబరు.

సిలిండరు పక్కకు తీయగానే కనబడే అంకెను చూసి చాలామంది పొరబడతారు. ఆ కంపెనీ పాత రివాల్వర్లలో అది భాగాలు కూర్చేటప్పుడు కార్ఖానావారు వేసుకున్న గుర్తు. అసలు నంబరు పిడి అడుగున వుంటుంది. నంబరు ముందు ‘వి’ అక్షరం వుంటే అది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942-45 మధ్య వచ్చిన ‘విక్టరీ’ రకం. ఓడపై జారిపడిన రివాల్వరు పేలి ఒక నావికుడు చనిపోయాక, సుత్తికి కొత్త అడ్డు అమర్చి ‘ఎస్‌వి’ అని కొట్టారు.

బ్రిటిష్ సైన్యం 1915లో స్వీకరించిన వెబ్లీ ఆరవ మార్కును బర్మింగ్‌హామ్‌లో చేశారు. 1921 నుంచి 1926 వరకు అదే రకం ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కార్ఖానాలోనూ తయారైంది.

ధర దేనికి?

నంబరు వేసిన భాగాలన్నిటి మీద ఒకే నంబరు వుండి, మొదటి పూత మిగిలి వుంటే విలువ ఎక్కువ. తోమినదానికి, కొత్త పూత వేసినదానికి తక్కువ. 1980ల నడుమ నుంచి సామాన్యులకు విదేశీ ఆయుధాల దిగుమతి దాదాపు నిలిచిపోవడంతో మన దేశంలో పాత విదేశీ సరుకుకు గిరాకీ పెరిగింది.

అమెరికా చట్టం 1898 లోపు తయారైనదాన్ని పురాతన వస్తువుగా చూస్తుంది.  మన చట్టంలో మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికి మినహాయింపు వుంది. పేలేదైతే దాన్ని వాడడానికి, వెంట తీసుకెళ్ళడానికి లైసెన్సు వుండవలసిందే.

చెరిగితే నేరం

1959 ఆయుధాల చట్టం 8వ సెక్షను ప్రకారం నంబరు చెరపడం, మార్చడం నేరం. నంబరు చెరిగిన ఆయుధం ఎవరి వద్ద దొరికితే వారే చెరిపినట్లు భావిస్తారు. కాదని రుజువు చేసుకోవలసిన భారం వారిదే. తుప్పు వదిలించబోయిన మనిషి కేసులో ఇరుక్కునేది ఇందువల్లనే.

తాతగారి పేర వున్న లైసెన్సు ఆయనతోనే ముగుస్తుంది. వారసులు జాప్యం లేకుండా ఆయుధాన్ని దగ్గరి పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల డీలరు వద్దగాని అప్పగించాలి. 2016 నిబంధనల కింద వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కరలేదనుకుంటే లైసెన్సు వున్నవారికి అమ్మే ఏర్పాటు చేసుకోవచ్చు. గడువు దాటనిస్తే ఆయుధం ప్రభుత్వపరమవుతుంది. లైసెన్సుదారు బతికివుండగా తానే అమ్మదలిస్తే కొనేవారి పేరు, చిరునామాతో కలెక్టరుకుగాని ఠాణాకుగాని రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి.

అప్పగించేటప్పుడు రశీదులోని నంబరును ఆయుధం మీది నంబరుతో అంకె అంకె సరిచూసుకోవాలి. అరిగిన 8 తరచు 3లా కనబడుతుంది. లోపల తూటా వున్నదీ లేనిదీ తెలియని రివాల్వరును ఇంట్లో విప్పి చూడరాదు. అది తెలిసినవారు చేయవలసిన పని.