ఏటేటి నాటక స్మారక సంపుటము : 'బెస్ట్ ప్లేస్' సంపుటమాల

నాటక సాహిత్యమును పరిశోధించువారికి ముద్రిత నాటకము లభించిన చాలును. ప్రదర్శన చరిత్రను పరిశోధించువారికి అది చాలదు. ఏ నాటకము ఏ తేదీన, ఏ రంగశాలలో, ఎవరెవరి పాత్రధారణముతో ప్రదర్శింపబడినది, ఎన్నాళ్లు నిలిచినది అను విషయములు ముద్రిత గ్రంథమునందు సాధారణముగా నుండవు. పాశ్చాత్య దేశములలో ఈ కొరతను చాలవరకు తీర్చినవి విద్వాంసుల గ్రంథములు కావు. నాటకప్రియులు ఏడాదికొకటి చొప్పున కొని దాచుకొనిన స్మారక సంపుటములు. జర్మనీలోని గోథా నగరమునుండి రైఖార్డ్ 1775 మొదలు 1800 వరకు వెలువరించిన 'థియేటర్ కలెండర్' ఇట్టి ప్రాచీన సంపుటములలో ఒకటి. అయినను దీర్ఘకాలము నడచి పరిశోధకులకు మిక్కిలి యుపయోగపడినది అమెరికాలో బర్న్స్ మాంటిల్ ప్రారంభించిన 'బెస్ట్ ప్లేస్' సంపుటమాల. దానిని గూర్చియే ఇచట వివరింపదలచితిమి.

మాంటిల్ (1873-1948) విశ్వవిద్యాలయ పండితుడు కాడు, పత్రికా విమర్శకుడు. డెన్వర్, చికాగో నగరముల పత్రికలలో పనిచేసి న్యూయార్కు చేరి, అచట 'డెయిలీ న్యూస్' పత్రికకు రెండు దశాబ్దములు నాటక విమర్శకుడుగా నుండెను. 1919-20 సీజనుకు సంబంధించిన మొదటి సంపుటము 1920లో బోస్టనులో వెలువడెను. తరువాత ప్రచురణభారమును న్యూయార్కునందలి డాడ్, మీడ్ సంస్థ వహించెను. 1946-47 సంపుటము వరకు మాంటిలే సంపాదకుడు. అనంతరము చాప్‌మన్, క్రోనెన్‌బెర్గర్, హ్యూస్, గర్న్‌సీ, జెంకిన్స్ వరుసగా ఆ భారమును నిర్వహించిరి. 2007-08 సీజనుతో మాల ఆగిపోయెను.

సంపుటము స్థూలముగా రెండు భాగములు. ముందుభాగమున ఆ ఏటి నాటకరంగ సమీక్షయు, సంపాదకుడు ఎన్నుకొనిన పది నాటకముల సంక్షేపములును ఉండును. సంక్షేప పద్ధతి గమనింపదగినది. ముఖ్య సన్నివేశముల సంభాషణలను ఉన్నవి ఉన్నట్లుగా ఇచ్చి, నడుమనున్న కథను సంపాదకుడు తన మాటలలో చెప్పి కలుపును. న్యూయార్కుకు పోలేని దూరప్రాంత పాఠకుడు ఒక గంటలో నాటకమును చూచినంత తృప్తి పొందును. చూచి వచ్చినవాడు జ్ఞప్తికి తెచ్చుకొనును. ఆ కాలపు కొనుగోలుదారునికి కావలసినది ఇదియే. పరిశోధకునికి మాత్రము ఇది అపాయకరము. ఏ మాటలను వదలవలెనో నిర్ణయించినది సంపాదకుని అభిరుచి. కావున సంక్షేపమును చదివి నాటకనిర్మాణమును గూర్చి తీర్పు చెప్పరాదు.

ఇక ఆ పదింటి ఎన్నిక. మొదటి సంపుటమున యూజీన్ ఒనీల్ 'బియాండ్ ది హొరైజన్' ఉన్నది. అది 1920లో పులిట్జర్ బహుమానమును పొందినది. దాని ప్రక్కనే 'వెడింగ్ బెల్స్', 'మమ్మాస్ అఫెయిర్' వంటి వినోద నాటకములున్నవి. వానిని నేడు స్మరించువారు అరుదు. 1934-35 సంపుటమున లిలియన్ హెల్‌మన్ 'ది చిల్డ్రెన్స్ అవర్', జోయి ఏకిన్స్ 'ది ఓల్డ్ మెయిడ్' రెండును చోటు చేసికొన్నవి. ఆ ఏడు పులిట్జర్ బహుమానము రెండవదానికి లభింపగా విమర్శకులు అసమ్మతి చెంది, తమ బహుమానమును తామే ఈయ సంకల్పించి న్యూయార్కు నాటక విమర్శకుల సంఘమును 1935లో స్థాపించిరి. మాంటిల్ పట్టిక ఈ కలహమున ఏ పక్షమును వహింపలేదు. అదే సీజనులో కార్మిక ప్రేక్షకులను ఉఱ్ఱూతలూగించిన క్లిఫర్డ్ ఓడెట్స్ ఏకాంకిక 'వెయిటింగ్ ఫర్ లెఫ్టీ' మాత్రము ఆ పదింటిలో లేదు. ఆయనదే మఱియొక నాటకము 'అవేక్ అండ్ సింగ్' ఉన్నది. ఉత్తమ నాటకములేవియో తెలిసికొనుటకు ఈ పట్టిక ప్రమాణము కాదు. అనుభవజ్ఞుడైన ఒక పత్రికా విమర్శకుడు ఆ ఏడు దేనిని ఉత్తమమని తలచెనో తెలిసికొనుటకు ఇంతకంటె ప్రమాణము లేదు.

మా అభిప్రాయమున ఈ సంపుటముల ప్రాణము వెనుకభాగమున నున్నది. కొనినవారిలో ఎందఱు ఆ పుటలను త్రిప్పిరో చెప్పజాలము. ఆ ఏడు న్యూయార్కులో తెరయెత్తిన ప్రతి నాటకమునకును అచట ఒక నమోదు కలదు: నాటకము పేరు, అంకముల సంఖ్య, రచయిత, నిర్మాత, రంగశాల, తొలి ప్రదర్శన తేదీ, పాత్రలు, పాత్రధారులు, అంకములు జరుగు స్థలములు, నాలుగైదు వాక్యములలో కథ, ప్రదర్శనల సంఖ్య. వారము తిరుగకమునుపే మూతపడిన నాటకమునకును, ఏడాది నడచిన నాటకమునకును ఒకే మర్యాద. వీనికితోడు నటీనటుల జన్మస్థల జన్మసంవత్సరముల పట్టిక, ఆ ఏడు గతించిన రంగస్థల ప్రముఖుల పట్టిక, దీర్ఘకాలము నడచిన నాటకముల పట్టిక కలవు. (నటీనటుల వయస్సును ఇతరాధారములతో సరిచూడక స్వీకరింపరాదని వేఱుగా చెప్పనక్కఱలేదు.)

వెనుకభాగము విలువను తెలుపుటకు ఆన్ నికల్స్ రచించిన 'ఏబీస్ ఐరిష్ రోజ్' చాలును. యూదు యువకుడు ఐరిష్ కాథలిక్ యువతిని పెండ్లాడిన కథ. 1922 మే 23న ప్రారంభమైనది. విమర్శకులు పలువురు ఎగతాళి చేసిరి. రాబర్ట్ బెంచ్లీ 'లైఫ్' పత్రికలో వారము వారము దానిపై క్రొత్త ఎత్తిపొడుపు వ్రాయవలసి వచ్చి, మాటలు దొరకక అలసిపోయెను. నాటకము మాత్రము 1927 వరకు నడచి, 2,327 ప్రదర్శనలతో ఆనాటికి అత్యధిక సంఖ్యను సాధించెను. 1921-22 పదింటిలోను, తరువాతి యేటి పదింటిలోను అది లేదు. ముందుభాగమును మాత్రమే చదివినవారికి ఆ దశాబ్దపు ప్రేక్షకులు దేనిని చూచిరో తెలియనే తెలియదు.

ఇందొక మెలకువ అవసరము. ఆ కాలమున సంపుటపు లెక్క జూన్ మధ్యనుండి మరుసటి జూన్ మధ్యవరకు. గడువునాటికి ఇంకను నడచుచున్న నాటకమునకు అప్పటి సంఖ్యయే చూపబడును. 'ఏబీస్ ఐరిష్ రోజ్' ప్రారంభమైన కొలది వారములకే 1921-22 గడువు ముగిసినది. ఆ సంపుటమునందలి అంకెను తుది అంకెగా గ్రహించినవారికి అది అల్పాయుష్కమైన నాటకముగా తోచును. కావున ఏ నాటకపు సంఖ్యనైనను అది మూతపడిన సీజను సంపుటమున చూడవలెను.

1944-45 నుండి డేనియల్ బ్లమ్ వెలువరించిన 'థియేటర్ వరల్డ్' ఇంకొక తెఱగు సంపుటము. అందు ఛాయాచిత్రములే ప్రధానము. 1965లో ఆయన మరణానంతరము జాన్ విల్లిస్ దీర్ఘకాలము దానిని నడపెను. వేషధారణమును, రంగాలంకరణమును అధ్యయనము చేయువారు దానిని ఆశ్రయింపవలెను.

మాంటిల్ ఉద్యమములో మాకు అత్యంతము ఆదరణీయమైనది వెనుకకు నడచుట. తన మాల 1919లో మొదలైనందున అంతకు పూర్వపు రంగచరిత్ర విడిపోవునని తలచి, షెర్వుడ్ సహాయముతో 1909-19 దశాబ్దమునకు 1933లోను, 1899-1909కి 1944లోను సంపుటములు కూర్చెను. 1894-99 సంపుటమును చాప్‌మన్, షెర్వుడ్‌లు 1955లో వెలువరించిరి.

తెలుగు నాటకరంగమునకు ఇట్టి వార్షిక పరంపర ఏర్పడలేదు. దాని ఫలితము చిన్నది కాదు. విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు 1892లో ప్రదర్శించినది 'కన్యాశుల్కము' తొలి రూపము. అది 1897లో అచ్చైనది. నేడు మనము చదువునది గురజాడ పెంచి, మార్చి 1909లో ప్రకటించిన రూపము. కనుక ఒకానొక సమాజమువారు 'కన్యాశుల్కము'ను ఆడిరని వినినంతనే, తేదీ తెలియక, ఏ రూపమును ఆడిరో నిర్ణయింపరాదు. తేదీలను సమకూర్చుటకు కరపత్రములు, పత్రికా ప్రకటనలు, నటుల స్వీయచరిత్రలు, నాటక పరిషత్తుల సంచికలు ఆధారములు. వెనుకకు నడచు పనిని వీనితోనే చేయవలెను. సంవత్సరము ముద్రింపని కరపత్రము లభించినను నిరాశ చెందనక్కఱలేదు. తేదీయు వారమును కలిసి వచ్చుట సాధారణముగా అయిదు, ఆఱు లేక పదునొకండు సంవత్సరముల కొకమాఱు మాత్రమే జరుగును. అట్లు తేలిన రెండు మూడు సంవత్సరములలో ఏది సరియైనదో పాత్రధారుల పేర్లు, రంగశాల పేరు, టిక్కెట్టు ధర చూచి నిర్ణయింపవచ్చును.