పట్నం పోయే ముందు పట్నాల సంగతి తెలుసుకోండి

పత్తి ఏరుడు అయిపోయి, బాకీలు కట్టినంక చేతిలో ఏమీ మిగలని ఏడు 'ఈ ఎవుసం చాలు, పట్నం పోదాం' అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. రెండు మూడెకరాల చెలక మీద అయిదుగురు బతకడం కష్టమే. పిల్లల చదువుకనో, ముసలోళ్ల వైద్యానికనో, నెలనెలా వచ్చే జీతానికనో కాగజ్‌నగర్ చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు కదులుతున్నాయి. అందులో తప్పు లేదు. అయితే ఏ ఊరు దేనికి పనికొస్తుందో తెలుసుకుని మరీ కదలండి.

కాగజ్‌నగర్

మీకు అన్నిటికన్నా దగ్గర ఇదే. ఒకప్పటి కొత్తపేట. నిజాం కాలంలో 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942 నుంచి కాగితం తీయడం మొదలుపెట్టాక ఊరి పేరే మారింది. రైలు సౌకర్యానికి కొదవ లేదు. కాజీపేట - బల్లార్షా లైను మీద ఉంది. పొద్దున పొలం చూసుకుని మధ్యాహ్నానికి పట్నం చేరగల దూరం చాలామందికి కలిసొస్తుంది.

కానీ మిల్లును నమ్ముకుని వచ్చేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇక్కడి సర్‌సిల్క్ మిల్లు ఏనాడో మూతపడింది. పేపర్ మిల్లు కూడా 2014 సెప్టెంబరులో ఆగిపోయి, కొత్త యాజమాన్యం చేతికి వచ్చిన 2018 ఆగస్టు దాకా తెరుచుకోలేదు. ఆ నాలుగేళ్లూ కార్మికులతో పాటు కిరాణా దుకాణం, హోటల్, ఆటో అన్నీ దెబ్బతిన్నాయి. ఒక్క పని మీదే ఇల్లంతా ఆధారపడకుండా చూసుకోండి.

ఆసిఫాబాద్

2016 అక్టోబరు 11న కుమ్రం భీం జిల్లా ఏర్పడ్డాక ఇది జిల్లా కేంద్రం. కలెక్టరేటు, ఇతర ఆఫీసులు, 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఇక్కడివే. ఆఫీసుల చుట్టూ చిన్న వ్యాపారం చేసుకునేవారికి అవకాశం ఉంది. రైలు మాత్రం దూరం. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, రెబ్బెన దగ్గర ఉంది. బస్సే దిక్కు.

బెల్లంపల్లి, మందమర్రి

బెల్లంపల్లి కాగజ్‌నగర్ నుంచి రైల్లో సుమారు 40 కిలోమీటర్లు. బొగ్గు బాయిల వల్ల పెరిగిన ఊరు. ఆ బాయిలు మూతపడుతూ వచ్చాక సందడి తగ్గింది. మంచిర్యాలతో పోలిస్తే కిరాయి తేలిక. రైతుకు పనికొచ్చే కృషి విజ్ఞాన కేంద్రం ఇక్కడే ఉంది. మందమర్రిలో జాగ కొనాలనుకునేవారు జాగ్రత్త పడాలి. అది ఏజెన్సీ నిబంధనలున్న ఊరు. సింగరేణి భూములూ ఎక్కువ.

మంచిర్యాల

సుమారు 60 కిలోమీటర్లు. 2016 నుంచి జిల్లా కేంద్రం, 2025 జనవరిలో కార్పొరేషన్ అయింది. ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో వచ్చింది. ఆసుపత్రులు, కాలేజీలు, దుకాణాల్లో పని దొరికే వీలు ఈ చుట్టుపక్కల ఇక్కడే ఎక్కువ. కిరాయిలూ అట్లనే ఉంటాయి. ఇల్లు చూసేటప్పుడు తక్కువ కిరాయికి ఆశపడి పల్లంలో దిగకండి. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లోతట్టు కాలనీలు మునిగిపోయాయి. ఆ ఏడు ఇంట్లోకి నీళ్లొచ్చాయా అని పక్కింటివారిని అడిగి తెలుసుకోండి.

గోదావరిఖని, కరీంనగర్

గోదావరి దాటితే రామగుండం, గోదావరిఖని. సింగరేణి బాయిలు, ఎన్టీపీసీ కరెంటు కేంద్రం, 1999లో మూతపడి 2021లో కొత్త ప్లాంటుతో మళ్లీ యూరియా తీస్తున్న ఎరువుల కర్మాగారం ఉన్నాయి. కొత్తగా వెళ్లినవారికి దొరికేది చాలావరకు కాంట్రాక్టు పనే. పీఎఫ్ కడతారా, గుర్తింపు కార్డు ఇస్తారా అన్నది ముందే అడగండి.

కరీంనగర్ 2011 లెక్కల్లోనే రెండున్నర లక్షలు దాటిన ఊరు. చదువులకు, పెద్ద వైద్యానికి మంచిది. కానీ మన రైలు లైను మీద లేదు. ఊళ్లో పొలం పెట్టుకుని రోజూ చూసుకోవడం కుదరదు.

భూమి అమ్మకండి

కిరాయి, బియ్యం, పాలు, గ్యాసు, బడి ఫీజు ఒక కాగితం మీద రాయండి. పల్లెలో కొనకుండా తిన్నవెన్నో అప్పుడు తెలుస్తాయి. జీతం ఆ లెక్కకు చాలకపోతే ఇంకో ఏడాది ఆగండి.

మొదట ఇంట్లో ఒక్కరు పోయి ఒక కారు పనిచేసి చూడండి. అంతవరకు భూమిని కౌలుకివ్వండి. ఎంత ధర, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద రాయించుకోండి. పాసుబుక్కు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. రైతు భరోసా ఆ పట్టా మీదే వస్తుంది. 2018లో మొదలైన రైతు బీమా కూడా అంతే; 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే ఇంటివారికి 5 లక్షల రూపాయలు అందుతాయి. మొత్తం భూమి అమ్ముకుంటే ఈ ఆసరా కూడా పోతుంది.

ప్లాటు కొనేముందు తహసీల్దారు ఆఫీసులో విచారించండి. ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదు. లావుణి పట్టా భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం నిషేధం. తెల్లకాగితం మీద రాసిస్తామంటే పైసలు ఇవ్వకండి.

ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. దగ్గరి ఊళ్లకు రోజూ పోయిరాగలిగితే ఇల్లు కదపాల్సిన పనే ఉండదు. ముందు ఆ దారి చూడండి. కుదరకపోతే అప్పుడు కిరాయి ఇల్లు వెతకండి.