తెరచాప పడవను ట్రైలర్‌పైకి ఎక్కించే క్రమంలో తీగలపై పడే తన్యత: ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:
నీటిలో నడిపి, ఆపై ట్రైలర్‌పై రోడ్డు మార్గాన ఇంటికి తీసుకెళ్లగల చిన్న తెరచాప పడవలు 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలో విశేష ప్రచారం పొందాయి. ఫ్రాంక్ బట్లర్ రూపకల్పనలో 1969లో వెలువడిన కాటలినా 22 వీటిలో ప్రసిద్ధమైనది. ఇటువంటి పడవల్లో తెరచాప కొయ్య మొదలును కీలుతో బిగిస్తారు. ప్రయాణానికి ముందు కొయ్యను వెనుకకు వాల్చి పడుకోబెడతారు. కొయ్యను నిలిపి ఉంచే తీగలు ఈ క్రమంలో ఎటువంటి ఒత్తిడికి లోనవుతాయో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. తీగల అమరిక:
కొయ్యను ముందు తీగ, వెనుక తీగ, ఇరువైపులా పక్క తీగలు పట్టి ఉంచుతాయి. తీగ లాగడానికి మాత్రమే పనికివస్తుంది, నెట్టడానికి పనికిరాదు. కనుక ఏ దిశలోని తీగను విప్పినా ఆ దిశ నుండి కొయ్యకు ఆధారం పోతుంది. వెనుకకు వాల్చాలంటే ముందు తీగను విప్పక తప్పదు. ఆ క్షణం నుండి కొయ్య బరువును చేతులో, తాడో మోయాలి.

3. నిలువు స్థితి, వాలు స్థితి:
ఉదాహరణకు కొయ్య పొడవు 8 మీటర్లు, బరువు 20 కిలోలు, బరువు కేంద్రం సరిగ్గా మధ్యలో ఉన్నాయనుకుందాం. కొయ్య మొదలు నుండి పడవ ముక్కు 3 మీటర్ల దూరంలో, అదే ఎత్తులో ఉందనుకుందాం. రేవు వాలుపై పడవ 8 డిగ్రీలు వెనుకకు ఒరిగితే, కొయ్య బరువు వల్ల ముందు తీగపై అదనంగా పడే లాగుడు సుమారు 4 కిలోలు మాత్రమే.

కొయ్యను వాల్చే కొద్దీ పరిస్థితి మారుతుంది. డెక్‌కు 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు బరువు కేంద్రం కీలు నుండి అడ్డంగా 3.94 మీటర్ల దూరంలో ఉంటుంది. కొయ్య కొన నుండి ముక్కుకు కట్టిన తాడు కీలుకు 0.38 మీటర్ల సమీపంలోనే సాగుతుంది. బలభ్రామకాల సమత్వం ప్రకారం తాడుపై తన్యత 20 × 3.94 ÷ 0.38, అంటే సుమారు 207 కిలోలు. ఇది కొయ్య బరువుకు పది రెట్లు. బరువు మారలేదు, కోణం మాత్రమే మారింది. మొదట తేలికగా దిగిన కొయ్య చివరి దశలో చేయిజారడానికి కారణం ఇదే.

4. జిన్ పోల్ ప్రయోజనం:
కొయ్య మొదలు వద్ద, కొయ్యకు లంబంగా 2 మీటర్ల కర్రను నిలిపి, తాడును దాని కొన మీదుగా ముక్కుకు తీసుకెళ్తే, కీలుకూ తాడుకూ మధ్య దూరం 1.94 మీటర్లకు పెరుగుతుంది. అదే 10 డిగ్రీల స్థితిలో తన్యత సుమారు 41 కిలోలకు తగ్గుతుంది. కర్ర కొన నుండి ముక్కుకు సాగే భాగంపై పడేది సుమారు 44 కిలోలు. ఈ కర్రనే జిన్ పోల్ అంటారు.

5. పక్కవాటు ఊపు:
పక్క తీగల మొదళ్లు కీలు అక్షంపైనే ఉంటే, కొయ్య వాలుతున్నంతసేపూ వాటి బిగువు మారదు. కీలు క్యాబిన్ కప్పుపైన, తీగల మొదళ్లు దిగువన డెక్‌పైన ఉంటే, వాలే కొద్దీ తీగలు వదులవుతాయి. అప్పుడు చిన్న గాలికో, పడవ కదలికకో కొయ్య పక్కకు ఊగి కీలును మెలిపెడుతుంది. కీలు అక్షానికి సూటిగా ఇరువైపులా తాత్కాలిక తాళ్లు కట్టడం దీనికి పరిష్కారం. వదులైన తీగ తిరిగి బిగుసుకునేటప్పుడు టర్న్‌బకిల్ అడ్డంగా ఇరుక్కుంటే దాని మరసీల వంగిపోతుంది. కొయ్యను ఎత్తే ప్రతిసారీ దాన్ని చేత్తో సరిచూడటం అవసరం.

6. ముగింపు:
తీగల అమరిక నిలిచి ఉన్న కొయ్యకోసం ఏర్పడింది. కొయ్య వాలేటప్పుడు ఆ అమరిక పనిచేయదు; దాని స్థానంలో మరో అమరికను ముందుగానే సిద్ధం చేసుకోవాలి. కొయ్య ఎంత తేలికైనదన్నది కాక, తాడు కీలుకు ఎంత దూరంగా సాగుతున్నదన్నదే ఇక్కడ నిర్ణాయకం. ఆ దూరాన్ని గమనించి పనిచేస్తే పరికరాలతో పాటు, కొయ్య కింద నిలబడిన మనుషులూ క్షేమంగా ఉంటారు.