షరతు పనిచేస్తోందా? రెండు వైపులా పరీక్షిస్తేనే తెలుస్తుంది

రాయ్‌పూర్ సమీపంలోని సిల్తారా పారిశ్రామిక ప్రాంతం స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలకు పేరు పొందింది. ఇటువంటి కర్మాగారాల్లో పొగను శుద్ధి చేసే యంత్రం ఆగిపోతే, బట్టీకి ముడిసరుకు సరఫరా కూడా దానంతటదే నిలిచిపోవాలి. ఈ ఏర్పాటును ఇంటర్‌లాక్ అంటారు. ‘అది నడవకపోతే ఇది ఆగాలి’ అనే షరతే దీనికి ఆధారం. శుద్ధి యంత్రం సవ్యంగా నడుస్తున్నంత కాలం ఆ షరతులోని లోపం బయటపడదు. యంత్రాన్ని ఆపి చూసినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ తయారీలో వాడే బిల్డ్ టూల్స్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

బిల్డ్ టూల్ చేసే పని

ప్రోగ్రామర్లు రాసిన వందలాది ఫైళ్లను ఏ క్రమంలో కంపైల్ చేయాలో, వేటిని చేర్చాలో, వేటిని విడిచిపెట్టాలో నిర్ణయించేది బిల్డ్ టూల్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన ‘మేక్’ వీటిలో ప్రసిద్ధమైనది. తరువాతి కాలంలో కిట్‌వేర్ సంస్థ ‘సీమేక్’ను తెచ్చింది. ఒకే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ, లైనక్స్‌లోనూ నడవాలి కనుక, ‘ఇది లైనక్స్ అయితే ఈ ఫైలు చేర్చు’ వంటి షరతులు వీటి సూచనల్లో తప్పనిసరిగా ఉంటాయి.

ఒకే మాట, రెండు అర్థాలు

ఏది నిజం, ఏది అబద్ధం అన్న విషయంలో ఒక్కో టూల్‌ది ఒక్కో పద్ధతి. జీఎన్‌యూ మేక్‌లోని ‘ఇఫ్‌డెఫ్’ షరతు, చరరాశిలో ఏదైనా విలువ రాసి ఉందా అని మాత్రమే చూస్తుంది. అందులో ‘నో’ అని రాసినా, ఏదో ఒకటి రాసి ఉన్నందున షరతు నెరవేరినట్లే లెక్క. సీమేక్‌లో అదే ‘నో’ను అబద్ధంగా పరిగణిస్తారు. ‘ఆఫ్’, ‘ఫాల్స్’, ‘నాట్‌ఫౌండ్’, సున్నా, ఖాళీ విలువ కూడా అక్కడ అబద్ధాలే. ఒక టూల్‌కు అలవాటుపడిన వారు మరొక దానిలో పొరబడటానికి ఇది చాలు.

ఒకే టూల్‌లోనూ అర్థం మారవచ్చు. సీమేక్ షరతుల్లో కొటేషన్ గుర్తుల మధ్య రాసిన పదాన్ని ఒకప్పుడు అదే పేరుగల చరరాశిగా భావించి, దాని విలువను తీసుకునే అవకాశం ఉండేది. 2014లో వచ్చిన 3.1 వెర్షన్ ఈ పద్ధతిని మార్చింది. పాత ప్రాజెక్టులు ఆగిపోకుండా పాత పద్ధతిని కొనసాగించే వీలు కూడా కల్పించింది.

ఒక్క చుక్క

ఇటువంటి షరతుల ప్రాధాన్యం 2024లో ప్రపంచానికి తెలిసివచ్చింది. లైనక్స్‌లో విరివిగా వాడే ‘ఎక్స్‌జడ్ యుటిల్స్’ అనే డేటా కుదింపు సాఫ్ట్‌వేర్‌లో రహస్య చొరబాటు మార్గం ఉందని ఆ ఏడాది మార్చి 29న ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ వెల్లడించారు. అది 5.6.0, 5.6.1 వెర్షన్లలో చేరింది. ఆ మార్గం కూడా షరతుల మీదనే ఆధారపడింది. 64 బిట్ల ఎక్స్86 లైనక్స్ కోసం, డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీగా నిర్మిస్తున్నప్పుడు మాత్రమే అది క్రియాశీలమయ్యేది.

తరువాతి పరిశీలనలో మరో విషయం బయటపడింది. ‘లాండ్‌లాక్’ అనే రక్షణ సదుపాయం కంప్యూటర్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి సీమేక్ ఫైలులో ఒక చిన్న ప్రయోగాత్మక ప్రోగ్రామ్ ఉంది. అది కంపైల్ అయితే ‘ఉంది’ అని, కాకపోతే ‘లేదు’ అని అర్థం. అందులో ఎవరి కంటా పడకుండా ఒక చుక్క చేర్చారు. దాంతో అది ఏ కంప్యూటర్‌లోనూ కంపైల్ కాదు. సమాధానం ఎప్పుడూ ‘లేదు’ అనే వస్తుంది. పాత కంప్యూటర్లలో ‘లేదు’ అన్నది సహజమైన సమాధానమే కావడంతో నిర్మాణం ఆగలేదు, హెచ్చరిక రాలేదు. సీమేక్‌తో నిర్మించిన సాఫ్ట్‌వేర్ ఆ రక్షణ లేకుండానే తయారయ్యేది.

పరీక్షించే విధానం

మొదటిది, ప్రతి షరతునూ రెండు వైపులా పరీక్షించాలి. లాండ్‌లాక్ ఉన్నదని ముందే తెలిసిన కంప్యూటర్‌లో ‘లేదు’ అన్న సమాధానం వస్తే నిర్మాణం అక్కడే ఆగేలా చూడాలి.

రెండవది, విలువల పట్టిక తయారు చేసుకోవాలి. ‘ఆన్’, ‘ఆఫ్’, సున్నా, ఖాళీ విలువ, అసలు నిర్వచించని పేరు, కొటేషన్లలోని పదం, ఇలా ఒక్కొక్కదానికీ రావలసిన సమాధానాన్ని ముందే రాసుకుని, వచ్చిన దానితో సరిపోల్చాలి. సాఫ్ట్‌వేర్‌ను నిర్మించకుండానే షరతులను మాత్రమే నడిపి చూసే స్క్రిప్టు సదుపాయం సీమేక్‌లో ఉంది. టూల్ వెర్షన్ మారిన ప్రతిసారీ ఇదే పట్టికను మళ్లీ నడపాలి.

మూడవది, కలగలిసిన షరతులు. మూడు షరతులు కలిస్తే 8 సందర్భాలు, పది కలిస్తే 1,024 సందర్భాలు ఏర్పడతాయి. విమానాల్లోని అత్యంత కీలక సాఫ్ట్‌వేర్‌కు వర్తించే డీఓ-178సీ ప్రమాణం, ప్రతి షరతూ తుది ఫలితాన్ని విడిగా ప్రభావితం చేస్తుందని నిరూపించాలని కోరుతుంది. ఈ పద్ధతిలో పది షరతులకు కనీసం 11 పరీక్షలతో పని పూర్తి చేయవచ్చు.

చివరిది, ‘లేదు’ అన్న సమాధానానికి కారణం చూడాలి. ప్రయోగాత్మక ప్రోగ్రామ్ ఎందుకు కంపైల్ కాలేదో సీమేక్ ఒక లాగ్ ఫైలులో నమోదు చేస్తుంది. సదుపాయం లేకపోవడం వేరు, ప్రోగ్రామ్‌లోనే రాత తప్పు ఉండటం వేరు. ఆ రెంటికీ తేడా తెలిసేది ఆ లాగ్ తెరిచి చదివినప్పుడే.